అయిదు పక్కల బిళ్ల

మేస్త్రి బిగించిన తలుపు వానకి ఉబ్బినా, ఎండకి ఎండినా చీమ దూరే సందు ఇవ్వదు. అందుకే ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు. అతుకుల మేస్త్రి అంటే చంటిపిల్లలకీ తెలుసు.

అలాంటివాడు మూడు రోజులుగా అరచేతిలో పట్టే చెక్కబిళ్లలతో కుస్తీ పడుతున్నాడు.

బడిలో లెక్కల టీచరమ్మ చేయించుకుంటున్న బిళ్లలవి. మూడు పక్కలవి, నాలుగు పక్కలవి, అయిదు పక్కలవి, ఆరు పక్కలవి, రకానికి అరవై. "పక్కలన్నీ సమానంగా, మూలలన్నీ సమానంగా ఉండాలి మేస్త్రిగారూ. పిల్లలు వీటిని పేర్చి చూసి లెక్క వాళ్లే కనిపెడతారు" అంది. ఏం కనిపెడతారో ఆవిడ చెప్పలేదు. ఈయన అడగలేదు. అడగడం ఆయనకి అలవాటు లేదు.

మూడు పక్కలవి ఆరు తెచ్చి బల్లమీద పేరిస్తే మూలలన్నీ ఒకచోట ఒద్దికగా కూర్చున్నాయి. చదరాల సంగతి చెప్పక్కర్లేదు. ఆరు పక్కలవి తేనెపట్టులా అల్లుకున్నాయి. అయిదు పక్కలవి మాత్రం మొండికేశాయి. మూడు చేరిస్తే పక్కన కోసుగా సందు. అందులో నాలుగోది పట్టదు. అచ్చు తప్పిందేమోనని మళ్లీ గుండ్రం గీసి, అయిదు భాగాలు చేసి, కొత్త అచ్చుపలక కోశాడు. మూడోసారీ కోశాడు. అదే సందు, నోరు తెరుచుకుని వెక్కిరిస్తూ.

అరవై రెండేళ్లొచ్చాయి. చెయ్యి చాచి చూసుకున్నాడు. వణకడం లేదు. మరి కన్నే గీత తప్పుతోందా?

ఇస్తానన్న రోజు రానే వచ్చింది. పెట్టె మోసుకుపోయి, తప్పు చేసినవాడిలా బడిలో దించాడు.

సామాన్ల గది చూసేది స్వయానా బావమరిదే. నరం లేని నాలుక. అన్ని రకాలూ పేర్చి, సందు దగ్గర ఆగాడు.

"ఏమిటి బావా ఇది? ఇందులో ఎలుక కాపురం పెట్టచ్చు!"

"బిళ్ల సరిగ్గానే ఉంది."

"ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటివాడే. అక్కతో చెప్తా ఉండు, రంపం, ఉలి అటకెక్కించమని."

మేస్త్రి సందుకేసి చూశాడు. తప్పు తనదని తేలితే వాళ్లక్కతో చెప్పే పని లేదు, తనే ఎక్కించేస్తాడు. దారిలోనే అనుకున్నాడా మాట.

టీచరమ్మ వచ్చి సందు చూసి నవ్వింది. ఆ నవ్వుకి ఆయన ఒళ్లు మండింది.

"తప్పెవరిదో నేను చెప్పను. పిల్లలు తేలుస్తారు. ఇద్దరూ వచ్చి కూర్చోండి" అంది.

తరగతిలో పిల్లల్ని పది గుంపులు చేసి బిళ్లలు పంచింది. కాసేపు చెక్కల చప్పుడు. ఇంతలో ఒకడు అరిచాడు: "టీచర్! తాతకి కొయ్యడం రాలేదు!" గది గొల్లుమంది. మేస్త్రి తన కాలి వేళ్లు చూసుకున్నాడు.

రెండు జడల పిల్ల ఒకతె నవ్వలేదు. "కొయ్యడం రాకపోతే సందు ఒక్కోచోట ఒక్కోలా ఉండాలి కదా? మా దగ్గరా, వాళ్ల దగ్గరా ఒకేలా ఉందేం?"

కోణమానిని పెట్టి అందరూ కొలిచారు. బోర్డు మీద పది అంకెలు పడ్డాయి. పదీ ముప్ఫై ఆరు డిగ్రీలే.

"అన్నీ ఒకే అచ్చులో కోశాడేమో! అచ్చే తప్పయితే?" అన్నాడు వెనకనుంచి బావమరిది. ఆ మాటలో న్యాయముంది. పిల్ల కాసేపు పెన్సిలు కొరికింది. తర్వాత బిళ్ల మీద ఒక మూలనుంచి ఎదురు మూలలకి రెండు గీతలు గీసింది.

"మూడు త్రిభుజాలయ్యాయి. త్రిభుజం మూలలు కలిపితే నూట ఎనభై. మొన్న కాగితం చింపి చూశాం. మూడింటికి అయిదు వందల నలభై. అయిదు మూలలకి పంచితే నూట ఎనిమిది. మూడు మూలలు చేరిస్తే..."

"మూడు వందల ఇరవై నాలుగు!" గదంతా అరిచింది.

"చుట్టూ నిండాలంటే మూడు వందల అరవై. ముప్ఫై ఆరు తక్కువ!" ఆ పిల్ల గిర్రున తిరిగింది. "తాతా, ఎవరు కోసినా ఈ సందు ఉంటుంది. సందు లేకపోతేనే నువ్వు తప్పు కోసినట్టు!"

బల్లలు దద్దరిల్లాయి. మేస్త్రి గుండెలమీంచి మూడు రోజుల దూలం దిగింది.

టీచరమ్మ బోర్డు మీద రాసింది: అయిదు పక్కల బిళ్లలతో నేల నిండదు.

"ఆగండమ్మా." మేస్త్రి లేచాడు. "సమానంగా ఉండాలన్నది మీ మాట. అయిదు పక్కలుంటే చాలంటే, నేను నింపుతాను."

సుద్దముక్క అందుకున్నాడు. అడుగున ఒక గీత, అటూ ఇటూ గోడలు, పైన రెండు వాలు గీతలు. చిన్నపిల్లలు గీసే ఇల్లు. పక్కనే అలాంటిదే ఇంకోటి, ఇంకోటి. కప్పుల మధ్య పల్లాల్లోకి అవే ఇళ్లు తలకిందులుగా దించాడు. ఎక్కడా వెంట్రుక పట్టే చోటు లేదు.

అయిదు వేళ్లమీద పక్కలు లెక్కపెట్టుకున్న పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. టీచరమ్మ తను రాసిన వాక్యం ముందు 'పక్కలూ మూలలూ సమానమైన' అని చేర్చి, ఆయనకి చేతులు జోడించింది.

"ఈ ఇళ్లు ఎన్ని చేయిస్తారమ్మా?" బావమరిది చీటీల పుస్తకం తెరిచాడు. "మా బావ చెయ్యి గట్టిది."

"అరవై."

రెండు జడల పిల్ల మేస్త్రి చొక్కా పట్టుకు లాగుతోంది. "ఏడు పక్కలవైతే తాతా?"

ఆయన సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"నువ్వు గియ్యి. నేను కోస్తాను."