చుక్క నీరు లేని కాలవ

ఆ ఉదయం మా ఊరి సచివాలయం గోడకి అంటించిన కాగితంలో మా కాలవ చచ్చిపోయిందని రాసి ఉంది. ఇంగ్లీషులో రాశారు. మాకు అర్థం కాకూడదనే రాశారు. విజయనగరంలో ఇంజనీరింగు చదువుతున్న మా ఉపేంద్ర దాన్ని గట్టిగా చదివి తెలుగులో చెప్పాడు.

"పాత కాలవ ఒకటుంది. వాడుకలో లేదు. చుక్క నీరు రాదు. కింద భూమంతా బీడు. ఈ సంగతిని స్థానిక రైతు జగన్నాధం సంతకం చేసి ధ్రువీకరించారు."

జగన్నాధం మావ అక్కడే ఉన్నాడు. మా తాటిగెడ్డవలస కాలవకి నలభై ఏళ్లుగా ఆయనే నీరుగట్టి. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో, ఎవరి వంతు ఎక్కడ ఆగాలో ఆయన మాటే చట్టం. జనమంతా ఆయన వైపు తిరిగారు. నేను మాత్రం ఆయన మొహం చూడలేక గోడనే చూస్తూ నిలబడ్డాను.

జరిగింది ఇది. ఏటా వైశాఖంలో మేం కొండ మీంచి దిగే గెడ్డ దగ్గర, కాలవలోకి నీరొదిలే మదుముకి పలకలు వేసి, బంకమట్టి కూరి, అయిదు రోజులు కాలవకి నీరు ఆపేస్తాం. ఇంటికో మనిషి పార పట్టుకుని దిగి పూడిక తీస్తాం. నిరుడు సరిగ్గా ఆ రోజుల్లోనే కరెంటు ప్రాజెక్టు కడతామన్న కంపెనీ సర్వే మనుషులు జీపులో దిగారు. వాళ్ల పెద్ద యుగంధర్, హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు. నల్లకళ్లద్దాలు తీయకుండానే కాలవలోకి చూశాడు.

"పెద్దాయనా, ఇందులో నీళ్లు వస్తాయా?"

మావ ఛాతీ విరుచుకున్నాడు. మదుము గట్టిగా కట్టడం ఆయనకి గొప్ప. "సుక్క రాదు బాబూ! సెయ్యెట్టి సూడు, తడి తగల్తాదేమో. నాను కట్టినానంటే సీమక్కూడా నీరు దొరకదు!"

యుగంధర్ అది రాసుకున్నాడు. ఎందుకు రాదని అడగలేదు. నాలుగు రోజులాగి మళ్లీ వచ్చి చూడలేదు. మావ పెట్టిన తాటిముంజలు తిని, ఆ కాగితం మీదే సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. రాబోయే పదేళ్లకి ఈ రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో లెక్క కట్టే మహామేధావులకి, పారలు పట్టుకుని నిలబడ్డ నూటయాభై మంది ఆ కాలవలో ఏం చేస్తున్నారో అడగాలని తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో మీటింగు పెట్టుకున్నాం. ఉపేంద్ర నల్లబల్ల మీద కొండ గీసి, పైన ఒక చెరువు, కింద ఒక చెరువు పెట్టాడు.

"పగలు ఎండ కరెంటు మిగిలిపోతన్నాది. ఆ మిగులు కరెంటెట్టి కింద సెరువులో నీరు పైకి తోడతారు. సాయంత్రం అందరూ లైట్లేసుకునేసరికి ఆ నీరే కిందకొదిలి కరెంటు తీస్తారు. ఆ సెరువులు నిండడానికి మన గెడ్డ కావాల."

"అయితే మన ఊరికి ఇరవైనాలుగ్గంటలూ కరెంటొస్తాదేటి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అందరూ నా వైపు చూశారు. నేను ధర్మేంద్రని. ఎస్.కోట పక్కన సబ్‌స్టేషన్లో పన్నెండేళ్లుగా కాంట్రాక్టు ఆపరేటర్ని. మా ఊరికి కరెంటు తీసే స్విచ్చి నా చేతిలో ఉంటుంది; తీయమని చెప్పే నోరు ఎక్కడో ఉంటుంది. "రాదు. ఆ తీగలు మన సబ్‌స్టేషన్ ముట్టుకోవు. పైనుంచే ఎల్లిపోతాయి," అన్నాను. ఎండ కరెంటు దాచుకోవడం తప్పని నేను అనను. ఎవరి నీళ్లతో, ఎవరి కోసం అన్నది అడగనివ్వకపోవడమే నాకు ఒళ్లు మండించే సంగతి.

ఊళ్లో పెద్దరైతులు కలెక్టరుకి అర్జీ పెడదామన్నారు. ఉపేంద్ర గ్యాంగు, గురువారం జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణ పందిరి తగలబెట్టేద్దామంది. అరుపులు పెరిగాయి. లక్ష్మణమ్మత్త లేచింది. రెండెకరాల మడి, మొగుడు లేడు, నోరు మాత్రం ఉంది.

"ఒరే, ఆగండ్రా! అర్జీ ఎడితే ఆ గోడకే అంటిస్తారు. పందిరి కాలిస్తే ఏటి తెలుస్తాది? ఊళ్లో అగ్గి ఉన్నాదని తెలుస్తాది. నీరున్నాదని ఎలాగ తెలుస్తాది?"

అప్పుడు జగన్నాధం మావ మొదటిసారి నోరు విప్పాడు. "పందిరి ఎక్కడేస్తన్నారు?"

"కింద మళ్లలో మావ. బీడని రాసుకున్నారు కదా, సదునుగా ఉన్నాదని అక్కడే ఏస్తన్నారు."

మావ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "ఈ ఏడు పూడిక రేపటికి అయిపోద్ది. ఎల్లుండి నీరొదలాల. ఒదలొద్దు. గురువారం దాకా ఆపుదాం."

"ఇత్తనం నానబెట్టీసినాం, పాడైపోద్ది!" అన్నాడొకడు.

"పోతే ఈ ఏటి ఇత్తనమే పోద్ది. గెడ్డ పోతే ఏటి నానబెడతావు?" అంది లక్ష్మణమ్మత్త.

గురువారం పొద్దున్నే కార్లు వచ్చాయి. ఎండిన మళ్ల మీద తివాచీ పరిచారు. జిల్లా ఆఫీసరు, చుట్టూ పోలీసులు, చల్లటి నీళ్ల సీసాలు. వాళ్లకి మాత్రం ఆ సీసాల్లో నీరు ఉంది. జగన్నాధం మావ రాలేదు. "ఆల మొకాలు సూడ్నేను. నాను మదుము కాడుంటాను," అని, మనుషుల్ని తీసుకుని పైకి వెళ్లాడు.

యుగంధర్ తెర మీద బొమ్మలు వేశాడు. "ఒక్క చుక్క కూడా వృథా కాదు. అవే నీళ్లు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి."

"తిరుగుతూనే ఉంటే మా మడిలోకి ఎప్పుడొస్తాయి బాబూ?" లక్ష్మణమ్మత్త మైకు అడగలేదు. ఆమెకి అవసరమూ లేదు.

"అమ్మా, ఇది టెక్నికల్ విషయం. మీకు అర్థం కాదు."

"మాకర్దమయింది కాబట్టే అడగతన్నాం. మూడొందల ఎకరాలకి నీరెక్కడనుంచి వస్తాది?"

ఆఫీసరు విసుగ్గా కాగితం పైకెత్తాడు. "నీళ్లు లేవని మీ నీరుగట్టే సంతకం పెట్టాడు. అబద్ధాలు చెప్పి అభివృద్ధికి అడ్డం పడకండి. అభ్యంతరాలు లేవని రాసుకోవయ్యా," అని గుమస్తాకి చెప్పాడు.

వాడు రాయడం మొదలుపెట్టాడు. అయిదొందల మందిమి ఎదురుగా నిలబడి ఉండగా, అభ్యంతరాలు లేవని రాస్తున్నాడు! నేను ఫోను తీశాను. "ఒదిలీ మావ," అన్నాను.

నీరు రెండు కిలోమీటర్లు రావాలి. ఆ లోపల మేం ఒక్కరం కదల్లేదు. ఒకరి తర్వాత ఒకరం లేచి మా మడి పేరు, మా వంతు రోజు చెబుతూ నిలబడ్డాం. ఆఫీసరు ఫోను చూసుకుంటున్నాడు. ముందు మట్టి వాసన వచ్చింది. తర్వాత తివాచీ అంచు నల్లబడింది. తర్వాత ఎర్రటి నీరు, ఆకులూ చెత్తా తోసుకుంటూ, కుర్చీల కిందకి వచ్చేసింది. యుగంధర్ ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని కుర్చీ ఎక్కాడు. ఆఫీసరు తన బూట్లు తనే చేత్తో పట్టుకున్నాడు. అంత పని ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ చేసి ఉండడు. అయిదొందల మందీ ఒక్కసారి నవ్వారు. నా జన్మలో అలాంటి నవ్వు వినలేదు.

లాఠీలు లేచాయి. ఉపేంద్ర తల పగిలింది. మదుము దగ్గర జగన్నాధం మావనీ, పన్నెండు మందినీ పట్టుకొచ్చి స్టేషన్లో పడేశారు. ఊరంతా బయట కూర్చున్నాం.

ఎస్సై స్వయంగా రాశాడు: నిందితులు మదుము పలకలు తీసి, కాలవ గుండా మోకాలి లోతు నీరు వదిలి, ప్రభుత్వ కార్యక్రమాన్ని భంగపరిచారు. నిజానికి వచ్చింది పిక్కల లోతే. కేసు బలంగా ఉండాలని పెంచాడు. చదివి వినిపించమని మావ అడిగాడు. విన్నాడు.

"నడుం లోతని రాయి బాబూ. పెద్దచ్చరాలతో రాయి. నాను సంతకం ఎడతాను."

ఏం రాశాడో ఎస్సైకి అప్పుడు తట్టింది. కాగితం చింపబోయాడు. తలకి గుడ్డ కట్టుకున్న ఉపేంద్ర కిటికీలోంచి అప్పటికే ఫోటో తీసేశాడు. ఆ సాయంత్రానికి గెడ్డ కింద ఉన్న ఏడు ఊళ్లలో ప్రతి ఫోన్లోనూ ఆ కాగితం ఉంది.

మావని రిమాండుకి పంపారు. నన్ను ఉద్యోగంలోంచి ఫోన్లోనే తీసేశారు. పెట్టుకున్నప్పుడు మాత్రం ఆరుసార్లు తిప్పారు. సోమవారం కంపెనీ డ్రిల్లింగు మిషన్లు వచ్చాయి. దారి మళ్లలోంచే. మళ్ల నిండా నీరు. మొదటి మిషను సగం దాకా కూరుకుపోయింది. ఎస్సై లక్ష్మణమ్మత్త దగ్గరికి వచ్చాడు. మావ లేనప్పుడు నీరుగట్టిగా ఊరు ఆమెనే నిలబెట్టింది.

"రెండు రోజులు నీళ్లు ఆపమ్మా. నేల ఆరాక మిషన్లు పోతాయి."

ఆమె వెనక మా ఊరివాళ్లే కాదు, ఏడు ఊళ్లవాళ్లూ పారలతో నిలబడి ఉన్నారు.

"మా వంతు ఇంకా అవనేదు," అంది.

ఆ మాట పూర్తి కాకముందే జనం మళ్లలోకి దిగారు. మిషన్ల దారి వైపు ఎవరి గట్టుకి వాళ్లు గండి కొట్టారు.