వెర్నా మోకాళ్ళు, టాన్యా చదువు

మా లిక్ ఫోర్క్ లోయలో డాక్టరు లేడు. పదకొండేళ్ళుగా లేడు. ఉన్నదల్లా ఒక చిన్న క్లినిక్, అందులో వెర్నా నేపియర్. ఆమె నర్సే, కానీ పై చదువు చదివి, రోగిని చూసి మందు రాసే అధికారం తెచ్చుకున్న నర్సు. ఆమె లేకపోతే ఈ కెంటకీ కొండల్లో చక్కెర జబ్బు మందు కోసం గంటన్నర కారు తోలాలి. ఆమెకిప్పుడు అరవై ఆరేళ్ళు. రెండేళ్ళలో మానేస్తానంది. ఆ చోటు ఖాళీ అయితే క్లినిక్‌కి తాళమేనని దాన్ని నడిపే పైవాళ్ళు ఉత్తరం పంపారు. లోయ ముఖం ఎన్నడూ చూడనివాళ్ళకి ఉత్తరం రాయడం తేలిక.

అందుకే వెర్నా దగ్గర పనిచేసే నర్సు టాన్యా స్టిడమ్ ఆ చదువు చదవాలనుకుంది. ఉద్యోగం మానకుండా, ఆన్‌లైన్‌లో. పాఠాలు ఇంట్లో వినొచ్చు. కానీ ఆరు వందల గంటలపాటు, మందు రాసే మనిషి పక్కన నిలబడి నిజమైన రోగుల్ని చూడాలి. దానికి వెర్నా ఉందిగా అనుకుంది టాన్యా. మేమూ అదే అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం టాన్యా స్పీకరు పెట్టి మొదటి కాలేజీకి ఫోను చేసింది. ఎదురుగా వెర్నా ఉడికిన చిక్కుడు గింజల్లో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటోంది.

"రెండేళ్ళలో అయిపోతుందండీ టాన్యా గారూ!" అంది ఫోనులో అమ్మాయి.

"నాకు నేర్పే మనిషిని ఎవరు చూస్తారు?"

"ఆ స్వేచ్ఛ పూర్తిగా మీదేనండీ. నచ్చినవాళ్ళని ఎంచుకోవచ్చు."

"ఇక్కడున్నది నేనొక్కదాన్నే తల్లీ," అంది వెర్నా. "ఏం ఎంచుకుంటుంది, నా ఎడమ కాలా, కుడి కాలా?"

అమ్మాయి నవ్వి, ఈరోజే చేరిపొమ్మంది. అన్నదంతా రాసి పంపమని టాన్యా అడిగితే, సరస్సు ఒడ్డున నవ్వుతున్న నర్సు బొమ్మ పంపింది.

రెండోది ప్రభుత్వ కాలేజీ. ఫోను ఎత్తినావిడ గొంతు బొంగురు. వెర్నా దగ్గరే గంటలు చేస్తానని టాన్యా చెప్పింది.

"ఆ వెర్నా నీకు పై అధికారా?"

"అవునండీ."

"అయితే కుదరదు. నీ చేత పని చేయించుకునే మనిషి దగ్గర చేసిన గంటలు లెక్కకు రావు. చాలా చోట్ల ఇంతే, చేరాక చెబుతారు."

"మరి నా గతేంటి?"

"నేర్చుకునే చోటు మేం చూస్తాం. రెండు గంటల దూరం. వారానికి రెండు రోజులు నువ్వే తోలుకుని రావాలి. ఉద్యోగంతో కలిపి మూడేళ్ళు. రెండేళ్ళని ఎవరైనా అంటే ఫోను పెట్టెయ్."

"రాసిస్తారా?"

"సాయంత్రానికి పంపిస్తా."

సాయంత్రానికి వచ్చింది. నాలుగు వాక్యాలు, కింద ఆవిడ పేరు. టాన్యా అచ్చు తీసి రెండుసార్లు చదివి, వెర్నా ముందు పెట్టింది.

"మూడేళ్ళు పడుతుంది వెర్నా. నువ్వింకో ఏడాది ఆగాలి."

"నా మోకాళ్ళని అడిగావా?"

"నిన్నే అడుగుతున్నా."

వెర్నా కాగితం చదివింది. కళ్ళద్దాలు తీసింది. బయట బెంచీ మీద ముగ్గురు ఎదురుచూస్తున్నారు.

"ఇంకో ఏడాది నిలబడలేనే పిల్లా," అంది. తర్వాత కాలితో చక్రాల స్టూలును తనవైపు లాక్కుంది. "ఆ ఏడాది రోగుల్ని కూర్చునే చూస్తా. దీన్ని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరుస్తా. పో, మొదటివాణ్ణి పిలు."