బిట్రగుంటలో పట్టేసిన ఇంజన్

నేను ఒక పాత మోటార్ సైకిల్ ఇంజన్ని. మూడు వందల యాభై సీసీ, ఒకటే సిలిండరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడో ఏట బర్మింగ్‌హామ్‌లో పుట్టాను. నేను నెమ్మదిగా మాట్లాడతానని మాత్రం అనుకోకండి. పదహారేళ్లు నోరు పట్టేసి పడున్నదానికి మర్యాదలు గుర్తుండవు.

ఓడ మీద మద్రాసులో దిగాను. బిట్రగుంట రైలు షెడ్డులో డ్రైవరుగా ఉన్న హెన్రీ దొర నన్ను కొన్నాడు. తన ఆవిరి ఇంజన్ని పసిబిడ్డలా తుడుచుకునే ఆ మనిషి నన్ను గాడిదలా తోలాడు. ఆస్ట్రేలియా వెళ్లిపోతూ అదే షెడ్డులో ఫిట్టరు దేవసహాయానికి అమ్మేశాడు.

దేవసహాయం గురించి అబద్ధం చెప్పను. మంచి చెయ్యి. నా వాల్వుల చప్పుడు విని ఎక్కడ సందు పెరిగిందో చెప్పేవాడు. ఆయన బిగించిన నట్టుని షెడ్డులో ఇంకొకరు సరిచూసేవాళ్లు కాదు. కూతురు కెజియాకీ ఆ పిచ్చే అంటుకుంది. ఎక్కాలకంటే ముందు స్పానర్ల నంబర్లు నేర్చుకుంది. పొద్దున్నే నా నూనె ట్యాంకు చూసి, తగ్గితే పోయడం ఆమె పని.

కెజియా ఇంటర్ చదువుతున్నప్పుడు, ఒక శనివారం సాయంత్రం దేవసహాయం నా ఆయిల్ పంపు విప్పి కడిగాడు. పంపుకీ నా ఒంటికీ మధ్య ఉండే ప్యాకింగ్ అట్ట చిరిగిపోతే కొత్తది తనే కత్తిరించి బిగించాడు. మర్నాడు పొద్దున కెజియా నూనె నిండా పోసి మూత తిప్పింది.

"పోశా నాయనా."

ఆయన కావలికి బయల్దేరాడు. కొంత దూరం పోయేసరికి నా గొంతు ఎండటం మొదలైంది. ట్యాంకులో నూనె ఉంది, నా లోపలికి మాత్రం చుక్క రావడం లేదు. ఇనుము అరవగలిగినంత అరిచాను. కూనిరాగం తీస్తూ పోతున్న ఆ మహా ఫిట్టరుకి వినపడలేదు. కావలి ఇంకా రెండు మైళ్లుందనగా లోపల పిస్టన్ కదలకుండా పట్టేశాను. చక్రం బిగుసుకుపోయింది. ఆయన ఎగిరి మైలురాయి మీద పడ్డాడు. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

నేను బోర్లా పడ్డాను. ట్యాంకు పైపు ఊడి, నా నూనంతా రోడ్డు పక్క ఇసుక తాగేసింది. తర్వాత ఎవరో మూత తీసి చూస్తే ట్యాంకు ఖాళీ. అంతే, తీర్పు అయిపోయింది. పిల్ల నూనె పోయలేదు! చుట్టాలన్నారు, షెడ్డువాళ్లన్నారు. ఆసుపత్రి మంచం మీద దేవసహాయం ఆ మాట విన్నాడు. కాదనలేదు.

ఇక పదహారేళ్లు నేను పెరట్లో రేకుల కింద తుప్పు పట్టాను. కెజియా చేతిలోంచి గ్లాసు జారినా తల్లి సువార్తమ్మ "ఆ చేతులంతేలే" అనేది. కెజియా నెల్లూరు వెళ్లి లెక్కల టీచరైంది. ఎవరైనా నన్ను కొంటామని వస్తే దేవసహాయం కర్ర ఎత్తేవాడు. "దాన్ని ఎవరూ విప్పకూడదు!" ఎంత ప్రేమో చూడండని ఊరంతా మెచ్చుకుంది. ప్రేమట!

పోయిన వేసవి సెలవుల్లో కెజియా సొంత పనిముట్లతో వచ్చింది.

"దీన్ని విప్పుతా" అంది.

"ఆ తుప్పు నీకెందుకు పాపా?" అన్నాడు దేవసహాయం, కర్ర అందుకుంటూ.

"ఒకసారి ముట్టుకున్నది చాల్లేదా?" అంది సువార్తమ్మ.

కెజియా సంచి విప్పి స్పానర్లు తీసింది. సిలిండర్లో కిరసనాయిలు పోసి వారం నానబెట్టింది. పిస్టన్ మీద చెక్క ఆనించి సుత్తితో కొట్టింది. కదిలినప్పుడు నేను ఏడ్చానో తిట్టానో నాకే తెలియదు. లోపల కనెక్టింగ్ రాడ్డు కాలి నల్లబడి ఉంది. చివరికి పంపు విప్పింది. అట్టముక్క ఊడొచ్చింది. దాన్ని ఎండకి పట్టి చూసింది. బోల్టులకి రంధ్రాలున్నాయి. నూనె రావడానికి ఉండాల్సిన రంధ్రం లేదు.

నేరుగా వసారాలోకి వెళ్లింది.

"ఇది కోసింది ఎవరు నాయనా?"

అదేమిటని ఆయన అడగలేదు. అక్కడే దొరికిపోయాడు.

"ఆసుపత్రిలోనే అర్థమైంది పాపా. ఆ బొక్క కొట్టిన గుర్తు లేదు నాకు."

"మరి ఇన్నేళ్లూ?"

"షెడ్డోళ్లంతా మంచం చుట్టూ నిలబడుంటే ఎట్టా చెప్పేది? కాలు ఎట్టాగూ పోయింది. పేరన్నా మిగలనీ అనుకున్నా. నువ్వు చిన్నదానివి, మర్చిపోతావనుకున్నా."

"నీ పేరు మిగిలింది. మరి నా పేరు?"

 గుమ్మంలో సువార్తమ్మ బియ్యం చేటతో నిలబడి ఉంది. చేట కింద పెట్టి నూనె మసితో నల్లబడ్డ కూతురి చేతులవైపు చూసింది. లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

కెజియా పని ఆపలేదు. సిలిండరు లోపలి గీతలు పోయేలా నెల్లూరు లేత్ షాపులో బోరు వేయించింది. కొత్త పిస్టన్, బేరింగు చెన్నై నుంచి తెప్పించింది. వరండాలో పాత దుప్పటి పరిచి, నన్ను ఒక్కో ముక్కా కడిగి బిగించింది. కొత్త అట్ట తనే కోసింది, అన్ని రంధ్రాలూ కొట్టి, వెలుతురుకి పట్టి రెండుసార్లు చూసింది. సాయం చేస్తానని దేవసహాయం కర్ర పట్టుకుని లేచినప్పుడల్లా "కూర్చో నాయనా" అనేది. ఆ మాటలో తిట్టు లేదు. నాకైతే తిట్టాలనే ఉంది. ఒక ప్యాకింగ్ తప్పు కోయడం పొరపాటు. దాన్ని బిడ్డ నెత్తిన పెట్టి, పదహారేళ్లు రోజూ అన్నం తినడం పొరపాటు కాదు.

జూన్ మొదట్లో ఒక పొద్దున పదకొండో తన్నుకి అంటుకున్నాను. వీధి వీధంతా దద్దరిల్లేలా అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. వాళ్ల ముందే దేవసహాయం, "తప్పు నాది. పిల్ల నూనె పోసింది" అన్నాడు. నా చప్పుడులో సగం మందికి వినపడలేదు. కెజియా నన్ను ఆపేసింది.

"మళ్లీ చెప్పు నాయనా."

చెప్పాడు, తల దించుకుని.

ఆమె మళ్లీ స్టార్ట్ చేసి ఎక్కింది. అప్పుడు సువార్తమ్మ వచ్చి, అడక్కుండానే వెనక కూర్చుని, కూతురి నడుము చుట్టూ చెయ్యి వేసింది.  ఆ తల్లి మీద కూడా నాకు కోపమే. గేటు దగ్గర దేవసహాయం చెయ్యెత్తాడు. వాళ్లు వెనక్కి చూడలేదు. నేనూ ఆగలేదు.