సిందూరము కప్పిన పేరు

వర్షర్తువెల్ల కలగి మన్నురంగు దాల్చియుండిన సముద్రము తేటవడి నీలమణి ఫలకమువలె విశాఖ తీరమున పఱచుకొనియుండెను. శరత్కాల ప్రభాతము. వేటకు పోయిన పడవలు ఒకటొకటిగా ఇసుక చేరుచుండ తీరవీథి మలుపులయందు బంతిపూల గంపలు దిగుచుండ పగులగొట్టిన గుమ్మడికాయల కుంకుమనీట ముంగిళ్లన్నియు నెఱ్ఱవాఱుచుండ బాలభానుడు మెల్లమెల్లగా పైకి వచ్చుచుండెను. ఆనాడు మహానవమి. కొడవలి మొదలుకొని కుట్టుమిషను వఱకు మానవునకు కూడుపెట్టు ప్రతి పనిముట్టును గంధాక్షతలతో పూజగొను పుణ్యదినము.

ఆ తీరమున కభిముఖముగా నున్న కొండవాలున సముద్రవార్తలను భద్రపఱచు నొక సంస్థ కలదు. నడిసంద్రపు పడవలనుండి వైర్‌లెస్సున వచ్చు మాటలును గడియగడియకు మాఱు గాలివేగముల లెక్కలును అచ్చట టేపులకెక్కి నిలిచియుండును. ఆ టేపుల భాండాగారము గదియంతటి యినుప బీరువా. దానిలోపల తేనెపట్టు గూళ్లవలె వరుసలుదీరిన అఱలయందు అఱచేతియంతేసి పెట్టెలుగా వేలకొలది టేపులు కొలువుదీరియుండ వాని నడుమ నొక యినుప హస్తము ఎక్కుచు దిగుచు అడిగినదానిని తీసి యిచ్చుచు పని తీఱినదానిని మరల నచ్చటనే యుంచుచు నుండును. ఆ హస్తమునకు ఎఱ్ఱని వెలుగు చిమ్ము కన్నొకటి కలదు. ప్రతి టేపు ముఖమునను అంటించిన చీటిపైనుండు నల్లగీతలే దానికి పేరు. కన్ను ఆ గీతలను చదివి యిది ఫలానిదని గుఱుతించును. గీతలు చదువరాకున్న ఆ టేపు ఆ కంటికి అనామకము.

ఈ భాండాగారమునకు పాలకుడు పేరిశాస్త్రి. యాబదియేండ్లు దాటిన గృహస్థు. సంధ్యవార్చక ఇల్లు వెడలనివాడు. బీరువా తలుపు తెఱచుటకు ముందు చెప్పులు విడుచువాడు. ఆయన భక్తి తోడి యుద్యోగులకు వినోదము.

"శాస్త్రిగారూ, ఆ ఇనపచేతికి జంధ్యం ఒక్కటీ వెయ్యలేదేం?" అని ప్రక్కగది గుమాస్తా పరిహసించెడివాడు.

"వేద్దును నాయనా. వేశాక అది మడి కట్టుకుని మీ టేపులు ముట్టనంటేనో?" అని శాస్త్రి నవ్వి తన పనిలో మునిగెడివాడు.

ఆ యేడు పాత బీరువాకు బదులుగా క్రొత్త బీరువా వచ్చెను. అందలి టేపులను రాశులుగా విభజించు భారము శాస్త్రిపై బడెను. ఈ రాశులనే అచ్చటివారు పూల్ అందురు. ఎన్నడును చెఱుపరానివి రక్షిత రాశి. యంత్రము తన యిష్టము వచ్చినప్పుడు తీసికొని క్రొత్తగా వ్రాసికొనదగినవి ఖాళీ రాశి. ఏ టేపు ఏ రాశికి చెందునో ఒకసారి నియమము వ్రాసియిచ్చిన పిదప యంత్రము మనుష్యుని మరల నడుగదు. అప్పుడే పెట్టెలకొలది క్రొత్త టేపులు చీటీలు లేకయే దిగియుండెను. వానికన్నిటికిని గీతలంటించుట పెద్దపని యగుటచే శాస్త్రి యొక సులభ నియమమును వ్రాసెను: చీటి చదువరాని ప్రతి టేపును ఖాళీ రాశిలో చేర్పుము.

పై యధికారిణియైన అలివేణి ఆ నియమమును చదివి కొంచెము సందేహించెను. "పాతవాటిలో చీటీ ఊడిపోయింది ఏదైనా ఉంటే, శాస్త్రిగారూ?"

"ఎలా ఊడుతుందండీ? ప్రతిదీ నా చేత్తో అంటించాను. ఒక్కటి ఊడితే నన్నడగండి."

ఆ మాట సత్యమే. ఒక్క చీటియు నూడలేదు.

రక్షిత రాశికి చేరవలసిన టేపులలో నొకటి శాస్త్రికి ప్రాణతుల్యము. తొమ్మిదేండ్లనాడు కార్తికమాసపు తుపానున మైలపిల్లి నూకన్న యను జాలరి పడవతోకూడ సముద్రమున లీనమాయెను. శరీరము దొరకలేదు. వానికి ఫొటో యొక్కటైనను లేదు. మిగిలినది కడపటి క్షణములయందు వైర్‌లెస్సున వాడు పలికిన నాలుగు మాటలు మాత్రమే. ఆనాటికి గర్భవతియైన వాని భార్య దానమ్మ ప్రతి కార్తికమునను నూకన్న తిథినాడు కొండయెక్కి వచ్చి చెవికి గొట్టములు తగిలించుకొని ఆ మాటలను విని కన్నీరు తుడుచుకొని పోవుచుండును. తోడుగా శాస్త్రియు వినును. లోనికి ఫోను తేరాదు. వినవచ్చునుగాని పట్టుకొని పోరాదు. అది సంస్థ నియమము. ఆమె యిన్నాళ్లును కూతురిని తోడుతేలేదు. పసిది జడియునని భయము. ఈ యేడు తెచ్చెదనని మాట యిచ్చియుండెను. శాస్త్రియు పలుమాఱులు ప్రార్థించి ఆ మాటలకు ప్రతి యొకటి చేసి ఆ బిడ్డ చేతికిచ్చుటకు అలివేణివలన ననుమతి సంపాదించియుండెను. క్రొత్త బీరువాలో రాశుల యేర్పాటు ముగియగనే ప్రతి తీయవలసియున్నది.

అందుచే ఆ మహానవమినాడు శాస్త్రి ఆంజనేయాలయమునుండి నూనెతో మెదిపిన సిందూరమును తమలపాకులో తెచ్చి బీరువా తలుపునకు బొట్టు పెట్టి నిమ్మకాయ కోసి కర్పూరము వెలిగించి పిమ్మట నూకన్న టేపును ప్రత్యేకముగా వెలికి తీయించెను. తండ్రి మాటను బిడ్డ తొలిసారి వినబోవుచున్నది. నిర్విఘ్నముగా వినవలెనని మనసార మ్రొక్కి బొటనవ్రేలితో దట్టముగా సిందూరము దిద్దెను. ఎచ్చట దిద్దెను? ముఖముననే. బొట్టు ముఖమునగాక మఱియెచ్చట పెట్టుదురు?

ఎఱ్ఱని వెలుగుతో చూచు కంటికి ఎఱ్ఱని బొట్టు తెల్లని కాగితమువలె తోచును. క్రింది నల్లగీతలు దట్టపు పూతయందు మునిగిపోయినవి. పండుగ మఱునాడు యంత్రము అఱలన్నిటిని పరిశీలించుచు వచ్చి ఆ టేపు నెదుట నిలిచి చూచి పేరు కానక తనకు చెప్పబడిన నియమమును తప్పక పాటించి దానిని ఖాళీ రాశిలో చేర్చెను. ఆ వారముననే బంగాళాఖాతపు గాలుల లెక్కలు వ్రాయవలసివచ్చినప్పుడు ఖాళీ రాశినుండి యొక టేపును తీసికొనెను. నడిసంద్రమున నూకన్నను మ్రింగిన గాలి కొండమీది బీరువాలో వాని మాటను గూడ మ్రింగెను.

కార్తికమున దానమ్మ రావలసిన దినమునకు ముందు శాస్త్రి ప్రతి తీయబోయి పేరు పిలువగా యంత్రము అట్టి టేపు లేదని పలికెను. ఆయన బీరువా తెఱపించి అఱలన్నియు వెదకి తుదకు క్రొత్త టేపుల నడుమ ఎఱ్ఱని బొట్టుతో నున్న దానిని చూచెను. దానిని చదివింపగా అంకెలు. వట్టి గాలివేగముల యంకెలు. రెండవ ప్రతి యెచ్చటను లేదు.

శాస్త్రి జరిగినదంతయు అలివేణికి చెప్పెను. ఆమె మెల్లగా ననెను. "యంత్రం పాడైందని చెప్పండి శాస్త్రిగారూ. మీ కోసం కాదు, ఆవిడ కోసం. పాడైందంటే ఏడ్చి ఊరుకుంటుంది. బొట్టు పెట్టి చెరిపామంటే ఏమని ఊరుకుంటుంది?"

"అబద్ధం చెప్పి ఆవిడ చేత దణ్ణం పెట్టించుకోలేనండీ," అని ఆయన యుత్తరీయముతో కన్నులొత్తుకొనెను.

మఱునాటి యుదయమున దానమ్మ వచ్చెను. వెంట క్రొత్తగౌను తొడుగుకొని తలకు నూనె రాచి రెండు జడలు వేయించుకొనిన కూతురు పైడమ్మ.

"పైడీ, బావుకి దణ్ణం ఎట్టు. మీ నాన్న గొంతుక్కి కాపలా ఉన్నోడు ఈయనే. ఓలమ్మ, ఇదేనా బావూ కొత్త బీరువా? మా ఇల్లంతున్నాది!"

"కూర్చో అమ్మా. నీకో మాట చెప్పాలి. విన్నాక తిట్టినా పడతాను."

"పెద్దోరు అలగంటారేటి? ఏటైపోనాది?"

"నూకన్న మాట పోయిందమ్మా."

"ఆడు పోయి తొమ్మిదేళ్లైపోనాది కదా బావూ."

"మనిషి కాదమ్మా. టేపు మీది మాట. నేనే పోగొట్టాను."

శాస్త్రి యేదియు దాపక నియమమును గూర్చియు బొట్టును గూర్చియు గాలిలెక్కలను గూర్చియు చెప్పెను. దానమ్మ వినుచుండెను. ఆమె వ్రేళ్లు మాత్రము కూతురి జడకొసను ముడివేయుచు విప్పుచు నుండెను. కిటికీ వెలుపల సముద్రము ఏమియు నెఱుగనిదానివలె మెఱయుచుండెను.

"ఆడికి మంచి జరగాలనే కదా బొట్టెట్టినావు," అని తుదకామె పలికెను. "దానికి నిన్నేటనను. ఒక్కటే అడుగుతాను బావూ. పేరు కనపడకపోతే ఖాళీ అని ఆ ఇనపసెయ్యికి సెప్పినోలెవులు?"

"నేనే అమ్మా."

"ఎందుకలగ సెప్పినావు? మా ఒడ్డుకి అప్పుడప్పుడు ఎవుడో కొట్టుకొత్తాడు. మొకం సేపలు తినేసుంటాయి. ఏ ఊరోడో తెల్దు, ఏ తల్లి కన్నాదో తెల్దు. అలాగని ఎవుడూ కాడని మేం ఒగ్గీం. ఎవులో ఒకలు కొడుకులాగ నిలబడి మట్టి సేత్తాం. మా నూకన్న కూడా ఏ ఒడ్డునో సేరుంటాడు, అక్కడోలు మట్టి సేసుంటారు. ఆ దైర్నం మీదే నాను కూడు తింటన్నాను. పేరు తెల్నోడిని ఖాళీ అనుకుంటే మా పేటలో సగం మందికి దినాలే నేవు బావూ."

శాస్త్రి తన జీవితమున ప్రవచనములెన్నో వినియుండెను. సర్వభూతములయందును ఈశ్వరుడు కలడని ప్రతిదినమును పఠించుచుండెను. అట్టివాడు పేరు కనబడనిదానియందు ఏమియు లేదని తన చేతితోనే వ్రాసియిచ్చుట యెట్లు సంభవించెనో ఆయనకే తెలియలేదు.

పైడమ్మ తల్లి కొంగు లాగెను. "అయితే నాను ఇననా? నాన్న ఏటన్నాడమ్మా?"

దానమ్మ నోరు తెఱచి మరల మూసికొనెను. "నా నోట్లోంచొత్తే అది నా మాటే అవుద్ది. మొగోడి గొంతు గావాల. నువ్వు సెప్పు బావూ. ఏటా నాతో పాటు ఇన్నావు గదా."

శాస్త్రి తడబడెను. తొమ్మిదేండ్లుగా విని విని ఆ మాటలాయనకు కంఠస్థములు. ఐనను గాయత్రి జపించిన నాలుక జాలరి మాట పలుకుటకు జంకెను. అది చులకనచే కాదు. చెఱిపినవాడనే పలుకుటయా యను వెఱపుచే. గొంతు సవరించుకొని కన్నులు మూసికొని పలికెను.

"గాలి చాలా చెడ్డగా ఉంది సారూ..."

"కాదు కాదు! 'గాలి మా సెడ్డగున్నాది సారూ.' ఆడు మీలాగ పుస్తకం సదివినాడేటి?"

"గాలి మా సెడ్డగున్నాది సారూ. రేపు మజ్జానానికి వొచ్చెత్తాం. మా దానమ్మని పులుసు ఉంచమని సెప్పండి. ఉప్పు మాత్రం సూసెయ్యమనండి."

"అక్కడే నవ్వినాడు," అని దానమ్మ నేల చూచుచు ననెను. "ఉప్పు కాడ. గాలి అంత కొడతంటే నవ్వినాడు."

శాస్త్రి పెదవులు కదలించెను గాని నవ్వు రాలేదు. మాటలు దక్కినవి; నవ్వు దక్కలేదు.

"అమ్మా, నువ్వు ఇప్పుడూ ఉప్పు ఎక్కువే ఏత్తావు," అని పైడమ్మ హఠాత్తుగా కిలకిల నవ్వెను.

శాస్త్రి ఆశతో దానమ్మ మొగము చూచెను. ఆమె కూతురి నవ్వును చెవియొగ్గి విని తల యడ్డముగా నూచెను. "ఆడిది కాదు బావూ. దీని నవ్వు నాదే." అని బిడ్డను ఒడిలోనికి లాగుకొని ఆనాటి కప్పుడు తొలిసారి వెక్కివెక్కి యేడ్చెను.

పోవునప్పుడామె శాస్త్రిని దూషింపలేదు. ఆ టేపు నొకసారి చేతికి తీసికొని సిందూరమును వ్రేలితో తాకి మరల నిచ్చెను. "దీన్ని తుడిసీకు," అనెను. మఱుసటి కార్తికమునకు వచ్చెదనని గాని రానని గాని చెప్పలేదు.

ఆ సాయంకాలమే శాస్త్రి పాత నియమమును కొట్టివేసి మూడవ రాశి నొకదాని నేర్పఱచెను. దానికి అజ్ఞాత రాశి యని పేరిడెను. చీటి చదువరాని టేపును ఖాళీ యని తలపకుము. దానిని వేఱుగ నుంచుము. ఒక మనుష్యుడు వచ్చి కన్నులార చూచువఱకు దానిపై నేమియు వ్రాయకుము అని యంత్రమునకు నిర్దేశించెను. అలివేణి చదివి సరేయని తలయూచెను. గాలిలెక్కలకు వేఱుగా ప్రతి తీయించి బొట్టుతోడి ఆ టేపును ఆయన ఆ రాశిలో మొదటిదానిగా నుంచెను. పూజ మానలేదు. మఱు మహానవమికి సిందూరమును తలుపునకు మాత్రము పెట్టి మిగిలినదానిని తన నుదుట దిద్దుకొనెను. భక్తి దోషమయ్యెనా, భక్తికి తోడుండవలసిన జాగరూకత లోపించుట దోషమయ్యెనా యని యెవరైన నడిగిన ఆయన యుత్తరమీయడు. దేవుని గుఱుతు క్రింద మనుష్యుని పేరు మఱుగుపడుట దేవునికి సమ్మతమై యుండదని మాత్రము ఆయన నమ్మును.

మనకు తెలియరానిది శూన్యము కాదు. ఎఱుగమి మన కంటిదే గాని ఎదుటనున్నదానిది కాదు. ఈ చిన్నమాట నేర్చుకొనుటకు ఒక బిడ్డ తండ్రి నవ్వును మూల్యముగా నీయవలసివచ్చెను.

ఇప్పటికిని ఆ యినుప హస్తము అఱలన్నియు పరికించుచు పోవుచు ఒక్క యఱ యెదుట నిలుచును. ఎఱ్ఱని కంటివెలుగు సిందూరముపై బడును. పేరు కానరాదు. క్షణకాలమట్లే నిలిచి ఎవరో తెలియని మృతునకు మట్టిచేసి మరలువానివలె దానిని ముట్టక మెల్లగా ముందునకు సాగిపోవును.