దరియావలి చలి

మా ఆయన దరియావలి గోనెసంచి ముందు పెట్టుకుని అందులో ఒక్కొక్కటే సర్దుతున్నాడు. మారు లుంగీ, సూదులు గుచ్చిన గుడ్డముక్క, దారపు ఉండలు, విల్లు నారి కొట్టే కొయ్య. దూది ఏకే విల్లు సంచిలో పట్టదు కాబట్టి గోడకు ఆనించాడు. సంచి భుజానికి ఎత్తుకోబోయి మళ్లీ కిందికి దించాడు. ఎత్తలేకపోయాడు.

"యాడికి?" అన్నాను, తెలిసే.

"మనుబోలు వైపు. పరుపులు ఏకేది ఈ చలికాలమే గదా. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే ఏడాదంతా ఏం తింటాం మే?"

"నీ చేతులు చూసుకున్నావా? కందికట్టెల మాదిరి ఉండాయి."

అది 1961. వానలు మొదలయ్యేటప్పుడు ఆయనకు విషజ్వరం వచ్చింది. దిగేసరికి మనిషి సగమైపోయాడు. చొక్కా తొడిగితే కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. జ్వరం వదిలింది గానీ చలి పట్టుకుంది. మా కృష్ణపట్నంలో చలి ఏపాటిది, సముద్రం మీది తడిగాలి, అంతే. పిల్లలు ఒట్టి ఒంటితో వీధిలో ఆడుకుంటుంటే ఈయన మధ్యాహ్నపు ఎండలో కూర్చుని వణికేవాడు. ఒంటి మీద కండ లేకపోతే లోపలి వేడి నిలవదు.

"కాళ్లకాడ వేడి ఇటుక లేకుండా ఒక రాత్రి నిద్రపో," అన్నాను. "పొద్దున నేను నీ పాదాలు పట్టుకుని చూస్తా. వెచ్చగా ఉంటే పో. నేను అడ్డం రాను."

ఆయన నవ్వి సంచి మూలకు నెట్టాడు.

కంబళి మాట ఎత్తే స్థితి కాదు మాది. చాప కింద వరిగడ్డి పరిచాను. పొయ్యిలో ఇటుక కాల్చి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టేదాన్ని. మిల్లు దగ్గర ఊక ఊరికే ఇస్తారు, తెచ్చి కుంపట్లో రాజేసేదాన్ని. పొగకు ఏమవుతాడోనని తలుపు ఓరగా తీసేదాన్ని. గాలి కొడుతుందని మూసేదాన్ని. మళ్లీ భయం వేసి తీసేదాన్ని.

పక్కింటి పేరమ్మ, చేపలమ్మే మనిషి, చిరిగిన తెరచాప తెచ్చి పడేసింది. "తూర్పు గోడకు కట్టు మస్తానక్కా, గాలి రాదు," అని, మా ఆయన వైపు తిరిగి, "ఏం సాయిబన్నా, ఊరందరికీ పరుపులు కుడతావు, నీకు ఈతచాపేనా?" అంది.

"పరుపు మీద పడుకుంటే నేను లేస్తానా పేరమ్మా? నీ పరుపు ఎవరు కుడతారు?"

"నాకు పరుపెందుకు? ఒడ్డున ఇసక లేదా?"

నా పాత చీరలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుట్టాను. ఎంత మందమైతే అంత వెచ్చన అనుకున్నాను. దాని కింద ఆయన పక్కకు తిరగలేకపోయాడు.

"ఎముకల మీద బండ పెట్టినావు గదమ్మే," అన్నాడు. "దూదేకులోడితో ఇన్నేళ్లు కాపరం చేసి ఇంతేనా నేర్చుకునింది? వెచ్చన బరువులో లేదు. దూది నడుమ నిలిచే గాలిలో ఉండాది."

బొంత విప్పి రెండు చీరలు మాత్రం ఉంచాను. ఇంట్లోని దిండ్లన్నీ కోశాం. లోపలి దూది అట్టలు కట్టి ఉంది. విల్లు నేను పట్టుకున్నాను, ఆయన నారి కొట్టాడు. మొదటి రోజు గుప్పెడు దూది లేచేసరికి ఆయాసం వచ్చి పడుకున్నాడు. మర్నాడు ఇంకాస్త. రోజులు గడిచేకొద్దీ ఆ టుంయ్ టుంయ్ మోత గట్టిపడింది. సంగటి అడిగి మరీ పెట్టించుకునేవాడు. ఆ మోత వింటుంటే సంతోషంగా ఉండేది, కోలుకుంటే బయల్దేరతాడని దిగులుగానూ ఉండేది. ఒకరోజు విల్లు నా చేతిలోంచి తీసుకుని తానే పట్టుకున్నాడు. నేను ఉత్త చేతులతో గడప మీద కూర్చున్నాను.

ఏకిన దూది ఆ రెండు చీరల నడుమ పరిచి కుట్టిన కొత్త బొంత అరచేతిలో పెడితే బరువే తెలిసేది కాదు. ఆ రాత్రి ఇటుక పెట్టలేదు. పొద్దున్నే పాదాలు పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. నమ్మకం చాలక మళ్లీ పట్టుకున్నాను. వెచ్చగానే ఉన్నాయి.

"ఇంక నువ్వు అడ్డం రాగూడదు," అన్నాడు కళ్లు మూసుకునే.

బొంత మడిచి సంచిలో పెట్టాను. ఆయన తీసి చాప మీద పెట్టాడు.

"ఇది రాదు మే. నీకు తెలీదా?"

తెలుసు. మా నాయనదీ ఇదే పని, ఒక్క దుప్పటితోనే ఊళ్లు తిరిగేవాడు. పరుపులు ఏకేవాడు బొంతతో గుమ్మంలోకి వస్తే ఇంటివాళ్లు తమ దూది పోయిందేమోనని తూచుకుంటారు.

"నా చీరలు గదయ్యా పైన. చూసినోళ్లకి నాదని తెలవదా?"

"పైన నీ చీర. లోపలి దూదికి పేరు రాసి ఉంటదా?"

"అరుగుల మీద పడుకోవాలి గదా. రాత్రి గాలి—"

"పని చేసే ఒళ్లు, అదే కాగుతుంది."

వెంకటాచలం దాకా బండి దొరికింది. పలచటి దుప్పటి కప్పుకుని ఎక్కాడు. బండి కనిపించినంతసేపూ చూశాను. ఇంట్లోకి వచ్చి బొంత కప్పుకుంటే ఒళ్లంతా చెమట పట్టింది. ఆ వెచ్చదనంలో ఆయన లేడు.

ఊపిరితిత్తులకు నిమ్ము చేసిందని, మనుబోలులోనే మట్టి చేశారని తర్వాత కబురొచ్చింది. దరియావలి ఇంటి నుంచి వెళ్లింది 1962 జనవరిలో. తిరిగి రాలేదు.