మెడ వంచిన పిల్ల

గురువారం పొద్దున గెజీనె మ్యూజియం తలుపు తీసి, గొడుగు దులిపి, ఫ్లాస్కులోని కాఫీ తాగి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే బొమ్మల గదిలోకి వచ్చింది. పాత కాగితాల దగ్గరికి ఎవరైనా కాఫీ చేతులతో వస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. చిత్రకళలో డాక్టరేట్. జాలె నది ఒడ్డున ఆ ఊళ్లో, బొమ్మలోని మనిషి మెడ వంపు చూసి మనసు చెప్పేస్తుందని ఆమెకు పేరు.

మర్నాడే ప్రదర్శన. ఒక్క పెన్సిల్ బొమ్మకు మాత్రం ఇంకా చీటీ కుదరలేదు. 1830ల నాటిది, గీసినవాడెవరో తెలియదు. స్టూలు మీద ఒక పిల్ల తల వంచుకుని, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది. సోమవారం గెజీనె ‘తప్పు చేసిన పిల్ల’ అని చీటీ రాసి బొమ్మ కింద పెట్టింది. మంగళవారానికి ఆ పిల్ల బొమ్మలోనే పక్కకు తిరిగింది. ‘పశ్చాత్తాపం’ అని మారిస్తే, ఇవాళ్టికి పూర్తిగా వీపు తిప్పేసింది.

“మళ్లీ అలిగిందే, డాక్టరమ్మా,” అన్నాడు కాపలాదారు కూల్‌బ్రోట్. “ఏం రాశారేంటి?”

“ఉన్నదే రాశాను. ఆ మెడ చూశారు కదా. తప్పు చేసినవాళ్ల మెడే అలా వంగుతుంది.”

“బూటు లేసు కట్టుకునేటప్పుడు నా మెడా అలాగే వంగుతుంది మరి!”

గెజీనె నవ్వబోయి ఆగిపోయింది. మెడ చూసి తప్పు చేశారనడం ఆమెకు ఇది రెండోసారి. పదకొండేళ్ల క్రితం అమ్మ బంగారు గడియారం పోయింది. భోజనాల బల్ల దగ్గర అమ్మ అడిగితే చెల్లెలు అల్ముట్ తల దించుకుంది. “దాని మెడ చూడమ్మా,” అంది గెజీనె. చదువుకున్న పిల్ల మాట కదా, అమ్మ నమ్మేసింది. అల్ముట్ ఆ వారమే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. మూడేళ్లకు అమ్మ పోయాక, ఆమె చలికోటు చిరిగిన జేబులోంచి అస్తరులోకి జారిపోయిన గడియారం దొరికింది. ఆ సంగతి గెజీనె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కాగితం పాడవుతుందని ఈ బొమ్మలను మూడు నెలలకు మించి వెలుతురులో ఉంచరు. ఆ తర్వాత ఐదేళ్లు పెట్టెలో పెట్టేస్తారు, చీటీతో సహా. ఏ మాట రాస్తే ఆ మాటతోనే ఆ పిల్ల అంతకాలం చీకట్లో ఉండాలి. గెజీనె పాత చీటీ చింపేసి కొత్తది రాసింది: ‘కూర్చున్న అమ్మాయి. మనసులో ఏముందో మాకు తెలియదు.’

మధ్యాహ్నం తిని వచ్చేసరికి ఆ పిల్ల ఇటు తిరిగి ఉంది. తల ఇంకా వంచే ఉంది గానీ, ఇప్పుడు చేతులు కనిపిస్తున్నాయి. ఎడమ అరచేతిలో గుచ్చుకున్న చెక్క పేడును కుడిచేతి గోళ్లతో లాక్కుంటోంది.

“స్టూలుదే అయ్యుంటుంది, పాపం,” అన్నాడు కూల్‌బ్రోట్, తన పని చూసుకోవడానికి వెళ్తూ.

గెజీనె కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ చేసింది.

“అల్ముట్, నేనే. గెజీనెని.”

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు. “ఊఁ, చెప్పు.”

“గడియారం పోయిన రోజు తల ఎందుకు దించుకున్నావే?”

“ఇప్పుడా అడగడం?” అంది అల్ముట్. “నువ్వే తీశావనుకున్నానక్కా. పొద్దున అమ్మ గదిలోంచి నువ్వు రావడం చూశాను. నీ వైపు చూస్తే అమ్మ పట్టేస్తుందని కంచంలోకి చూస్తూ కూర్చున్నా.”

“అది అమ్మ కోటు అస్తర్లో దొరికింది. ఎనిమిదేళ్లయింది. సిగ్గేసి చెప్పలేదు నీకు.”

“ఎనిమిదేళ్లా?”

“అవును.”

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

“ఆదివారం రైలెక్కి వస్తా,” అంది అల్ముట్. “క్షమించడానికని అనుకోకు. ఇప్పుడన్నావే, ఆ మాట నా మొహం చూసి చెప్పు.”

ఫోన్ పెట్టేసి గెజీనె కిటికీ పక్కనున్న కాపలాదారు స్టూలు మీద కూలబడింది. తల వంగిపోయింది, చేతులు ఒళ్లో పడ్డాయి. తిరిగి వస్తున్న కూల్‌బ్రోట్ ఆమెను చూసి ఆగాడు. ఆ మెడ వంపు వంక ఒక్క క్షణం చూశాడు.

“ఏమైంది, డాక్టరమ్మా?” అని అడిగాడు.