తలకాయ నాది

"ఆడపిల్ల చూసిన చోట చేప పడుతుందా?" అన్నాడు మా డేనియల్ బాబాయి. అదీ చర్చి మెట్ల మీద, పదిమంది వింటుండగా. ఆ మాట అనకుండా ఉంటే నేను బుద్ధిగా వంటసామాను సర్దుకుని వెళ్ళేదాన్నేమో. అనేశాడు. ఇక ఊరుకుంటానా?

సంగతి ఏంటంటే, మా నాన్న జీవరాజు, బాబాయి, కడియంలో నర్సరీ ఉన్న త్రిమూర్తులుగారు, ముగ్గురూ క్రిస్మస్ సందడి అయ్యాక ఏటా గోదావరి ఒడ్డున డేరా వేసుకుని రెండు రోజులు గాలాలు వేసేవారు. దానికి ముందే మా నాన్న ఏటిగట్ల వెంట తిరిగి చోటు చూసి పెట్టేవాడు. చోటు చూసినవాళ్ళకే మొదటి చేప తలకాయ. అది వాళ్ళ కట్టుబాటు. ఆ మాటకొస్తే ఇంట్లో కూడా తలకాయ నాన్నదే, అమ్మకీ నాకూ తోక ముక్కలు. రాజమండ్రి రేవులో కూర్చోబెట్టి నాకు గాలం వెయ్యడం నేర్పింది ఆయనే. డేరాకి మాత్రం ఒక్కసారీ తీసుకెళ్ళలేదు.

పోయిన వేసవిలో, తన చివరి రోజుల్లో, మంచం మీంచే బాబాయి చెయ్యి పట్టుకుని "ఈసారి దీవెనని తీసుకెళ్ళరా" అన్నాడు నాన్న. అన్న మాట కాదనలేక బాబాయి సరేనన్నాడు. వంటకి పనికొస్తానట! నలభై ఏళ్ళదాన్ని, బ్యాంకులో పొద్దస్తమానం జనంతో వేగేదాన్ని, నన్ను వంటకి! మరి చోటు ఎవరు చూస్తారు, నేను చూడనా అని అడిగితేనే చర్చి మెట్ల మీద ఆ మాట అన్నాడు.

"చోటు నేనే చూస్తాను బాబాయ్. చేప పడితే తలకాయ నాది" అన్నాను.

"పడకపోతే?"

"ఇక జన్మలో మీతో రాను. సరేనా?"

"ఇంతమందిలో అన్నావు. గుర్తుపెట్టుకో" అన్నాడు బాబాయి. ఆయన మొహంలో సంతోషం చూస్తే ఒళ్ళు మండిపోయింది.

సెలవు దొరికినప్పుడల్లా స్కూటీ వేసుకుని గౌతమి పాయ గట్టు పట్టుకుని తిరిగాను. ఒకచోట నీడ భేషుగ్గా ఉంది, కిందే ఇసుక ర్యాంపు. ఆ లారీల మోతకి చేప కాదు కదా, దెయ్యం కూడా నిలవదు. ఇంకోచోట రొయ్యల చెరువుల మురుగు ఏట్లో కలుస్తోంది, కంపు భరించలేం. మరోచోట అంతా కుదిరిందని మురిసిపోయి, డేరా ఎటు తిప్పి వెయ్యాలో కూడా చూసుకున్నాక, పక్కనే శ్మశానం కనిపించింది. నాకైతే ఫరవాలేదు గానీ త్రిమూర్తులుగారు కారు దిగరు.

చివరికి కోటిపల్లి దాటి యానాం వైపు వెళ్తుంటే దొరికింది. నీళ్ళు లోతుగా ఒడ్డును ఒరుసుకుని తిరిగే మలుపు. పక్కనే చదునుగా, చాప పరిచినట్టు ఇసుక. పైన సరుగుడు తోపు, గట్టు మీంచి కారు దిగే బాట. అబ్బ, ఏం చోటు! పొదల మొదళ్ళకి మోకాలెత్తున బురద చార ఉంది. వరదప్పటిది అనుకున్నాను. మా రాజమండ్రిలో వరద తీశాక అలాంటి చారలు నెలల తరబడి ఉంటాయి. వేలు పెట్టి చూస్తే తడిగా తగిలింది. మంచు అనుకున్నాను.

బయల్దేరే రోజు త్రిమూర్తులుగారు గొణిగారు. "అమావాస్య నాడు ప్రయాణం ఏంటమ్మా దీవెనా?"

"మాకు అలాంటివి లేవండి" అన్నాను. మా ఇంట్లో గోడకి చర్చి క్యాలెండరే ఉంటుంది. అందులో రోజుకో వాక్యం ఉంటుంది గానీ తిథులు ఉండవు.

బాబాయి కారు దిగి చోటు చూశాడు. వంక పెడదామని అటూ ఇటూ తిరిగి, ఏమీ దొరక్క, "ఫరవాలేదు" అన్నాడు. ఇసుక మీద డేరా వేశాం. బాబాయి యానాం నుంచి తెచ్చుకున్న సీసాని, చర్చి కమిటీ పెద్ద కదా, తువ్వాల్లో చుట్టి దిండు కింద పెట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా గాలాలు వేశాం. రెండు జెల్లలు పడ్డాయి, వేలెడేసి. "ఇవి చేపలంటావా, చీమలంటావా?" అని బాబాయి నవ్వాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

నాలుగు దాటాక చూస్తే నా చెప్పులు లేవు. ఒడ్డున విడిచిన చెప్పులు తేలుతూ పోతున్నాయి. వెనక్కి తిరిగేసరికి డేరాలోకి నీళ్ళు! ఆకాశంలో మబ్బు తునక లేదు, వానా లేదు, వరదా లేదు, ఏరు మాత్రం నింపాదిగా పైకి ఎక్కి వస్తోంది. బియ్యం సంచి నానిపోయింది. దుప్పట్లు నానిపోయాయి. బాబాయి ముందుగా కాపాడింది సీసాని.

త్రిమూర్తులుగారు నీళ్ళు నోట్లో వేసుకుని ఉమ్మేశారు. "ఉప్పగా ఉన్నాయండి. సముద్రం పోటు ఇది. అమావాస్యకి ఎక్కువ కదండీ! మనం ఎప్పుడూ ఆనకట్టకి ఎగువనే గాలాలు వేసేవాళ్ళం, అక్కడిదాకా పోటు రాదు, మనకేం తెలుస్తుంది?"

ఆ బురద చార వరదది కాదు. రోజూ వచ్చే పోటుది.

"సామాన్లు సర్దండి, పోదాం" అన్నాడు బాబాయి. "మీ నాన్నుంటే ఇలా జరిగేదా? ఆయన పరువు తీశావే."

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఏడిస్తే ఓడిపోయినట్టే.

"తప్పు నాదే బాబాయ్. చోటు మునిగింది. అయితే ఏంటట? దేవీపట్నంలో నాన్న చీమల పుట్ట మీద డేరా వేసిన సంగతి నువ్వే ప్రతి క్రిస్మస్‌కీ చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తావు. ఆయన చేస్తే వేడుక, నేను చేస్తే పరువు పోయిందా? మీరు గట్టెక్కండి. నేను కదలను."

"మొండిఘటం" అన్నాడు బాబాయి.

"అవును" అన్నాను.

వాళ్ళిద్దరూ సామాను గట్టు మీదికి మోస్తుంటే, నేను చీర మోకాళ్ళ పైకి దోపి, ఎరకి తెచ్చినవాటిలో బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి ఆ నీళ్ళలోనే నిలబడ్డాను. పొద్దు వాలుతోంది. నడుము దాకా తడిసింది, వణుకు మొదలైంది. చేప పడకపోతే ఇదే మొదటిసారి, ఇదే చివరిసారి. పైనుంచి బాబాయి కారు హారన్ కొడుతున్నాడు. కొట్టుకోనీ!

గుంజింది. ఆ గుంజుడికి ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాను, గాలం కర్ర మాత్రం వదల్లేదు. "త్రిమూర్తులుగారండీ!" అని అరిచాను. ఆయన పంచె తడిసినా లెక్కచెయ్యకుండా దిగొచ్చారు. ఇద్దరం కలిసి ఒడ్డుకి లాగితే, పండుగప్ప! నా చెయ్యంత పొడుగు. పోటు నీళ్ళతో పైకి వచ్చిందది. నా చోటు మునగకపోతే పడేదే కాదు.

హారన్ ఆగిపోయింది.

గట్టు మీద సరుగుడు పుల్లలతో పొయ్యి వెలిగించి, నానిన బియ్యమే వండి, పులుసు పెట్టాం. పెట్టింది నేను కాదు, బాబాయి. నేను దుప్పటి కప్పుకుని కూర్చుని చూశాను. పులుసు ఉడికాక ఆయన గరిటెతో తలకాయని పైకి తేల్చి గొంతు సవరించుకున్నాడు.

"చోటు మునిగింది, చేప పడింది. అందుకని తలకాయ ముగ్గురం పంచుకుందాం. న్యాయమే కదా?"

"నాన్న ఎప్పుడైనా పంచాడా?"

బాబాయి పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. త్రిమూర్తులుగారే అన్నారు, "లేదమ్మా. చీమలు కుట్టిన ఏడు కూడా పంచలేదు."

లేచి గరిటె లాక్కున్నాను. తలకాయ నా పళ్ళెంలో వేసుకున్నాను.

తీరా వేసుకున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నలభై ఏళ్ళూ తోక ముక్కలు తిన్నదాన్ని. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎటు కొరికినా ఎముకే. నాన్న మీద బెంగ వచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని తిన్నాడు, ఒక్కసారి చూపించొచ్చు కదా!

బాబాయి చూసి చూసి, ఇక ఉండబట్టలేక తన పళ్ళెం పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు.

"అలా కాదే. ముందు దవడ విప్పు. దాని వెనక బుగ్గ కండ ఉంటుంది. మీ నాన్న అదే మొదట తినేవాడు."

"నాకు తెలుసు" అన్నాను. దవడ విప్పాను.